మూడు రోజులు కేంద్రంలో, రెండు రోజులు ఇంట్లో
తప్పటడుగుల బిడ్డను ఇద్దరి చేతుల్లో పెట్టే తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మన సంఘం వారి ఉగాది భోజనాల దగ్గర, రామనవమి పానకం దగ్గర, యువ దంపతులు కలుసుకున్నప్పుడల్లా ఈనాడు ఒకే ప్రశ్న వినబడుతున్నది. "పాపను ఎవరి దగ్గర వదులుతున్నారు?" ఇద్దరూ ఉద్యోగాలు చేస్తేనే ఇంటి అప్పు తీరే కాలమిది. నాయనమ్మలు, అమ్మమ్మలు కూడా కొందరు ఇంకా పనికి వెళ్తున్నారు. వెళ్ళనివారికి మోకాళ్ళు సహకరించవు. బిడ్డ చూస్తే ఏడాది దాటి తప్పటడుగులు వేస్తూ, కనబడిన ప్రతి వస్తువునూ నోట్లో పెట్టుకునే వయసు. రెప్ప వాల్చడానికి వీల్లేదు.

మేమిద్దరమూ ఈ ప్రశ్నతో ఏడాదికి పైగా కుస్తీ పట్టాం. చివరికి వారంలో మూడు రోజులు శిశుసంరక్షణ కేంద్రం, రెండు రోజులు ఇంట్లో ఒక అమ్మాయి సాయం అనే పద్ధతిలో స్థిరపడ్డాం. ఈ పద్ధతిలోని మంచిచెడ్డలను, ఖర్చులను, చట్టాలను, మేము చేసిన పొరపాట్లను కలిపి మన పాఠకుల ముందు పెట్టాలని ఈ వ్యాసం.

మొదట ఒక మాటతో చిక్కు వచ్చింది. ఇంటికి వచ్చి బిడ్డను చూసే మనిషిని ఇక్కడివారు 'నానీ' అంటారు. మన ఫిజీ ఇళ్ళలో నానీ అంటే అమ్మమ్మ! "వచ్చే వారం నుండి నానీ వస్తుంది" అని మేము ఫోనులో చెప్పినప్పుడు బా పట్నంలోని బంధువులు, అమ్మమ్మే విమానం ఎక్కి వస్తున్నదనుకుని అప్పడాలు, పచ్చళ్ళు పంపడానికి సిద్ధపడ్డారు. కనుక ఈ వ్యాసంలో ఆమెను 'ఇంటి సహాయకురాలు' అనే అంటాం.

మన పూర్వీకుల బిడ్డలను ఎవరు చూశారు?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. 1879లో ఫిజీకి గిర్మిట్ కూలీల ఓడలు మొదలయ్యాయి. 1903 నుండి మద్రాసు రేవు ద్వారా మన తెలుగువారు, తమిళులు, మలయాళీలు వచ్చారు. 1916లో ఆ రవాణా ఆగేనాటికి మొత్తం అరవై వేల మందికి పైగా ఆ దీవులకు చేరారు. విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, నెల్లూరు జిల్లాల నుండి వచ్చిన మన అవ్వలు కూడా మగవారితో సమానంగా ఒప్పందం మీద చెరుకు తోటల్లో దిగారు. ఒప్పందం ప్రకారం రోజుకూలి మగవారికి ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. అప్పగించిన పని పూర్తి కాకపోతే అదీ పూర్తిగా చేతికి వచ్చేది కాదు.

మరి చంకలో బిడ్డ ఉన్న తల్లి ఏం చేసింది? మా పాప తాతయ్య తన నాయనమ్మ నోట విన్నది ఇది. తెల్లవారక ముందే బిడ్డను నడుముకు కట్టుకుని తోటకు పోవడం, గట్టు మీద గోనెసంచి పరచి పడుకోబెట్టడం, సర్దారు చూడకుండా మధ్యలో వచ్చి పాలివ్వడం. కొందరు మాత్రం లైన్లలో పని చేయలేని ముసలమ్మ ఒకామె ఉంటే ఆమె దగ్గర వదిలి వెళ్ళేవారట. మలయా తోటల్లోనూ ఇటువంటిదే ఉండేది. అక్కడ తోటపిల్లలను చూసే పాకను 'ఆయా కొట్టాయి' అనేవారు.

ఇక్కడొక విషయం మనం మరువకూడదు. మన పెద్దలు పనిచేసిన తోటల్లో, మిల్లుల్లో చాలభాగం కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీవి. ఆ కంపెనీ కేంద్ర కార్యాలయం ఉన్నది ఈ సిడ్నీలోనే. ఇదే సిడ్నీలో 1905లో, పనికి వెళ్ళే పేద తల్లుల బిడ్డల కోసం సిడ్నీ డే నర్సరీ అసోసియేషన్ అనే సంస్థ పుట్టింది. ఊరు ఒక్కటే. ఇక్కడి తల్లి బిడ్డకు నర్సరీ, ఆ ఊరి కంపెనీకి చెరుకు నరికే తల్లి బిడ్డకు గోనెసంచి. ఈ తేడాను గుర్తించిన ఆస్ట్రేలియా మహిళలు లేకపోలేదు. వారి సంఘాల తరఫున ఫ్లోరెన్స్ గార్న్‌హామ్ అనే ఆవిడ ఫిజీ వెళ్ళి మనవారి స్థితిగతులు విచారించారు. ఆమె నివేదిక 1918లో వెలువడింది. 1920 జనవరి 1న మిగిలిన గిర్మిట్ ఒప్పందాలు రద్దయ్యాయి.

ఇంత చరిత్ర ఎందుకు చెప్పామో ముందు ముందు తెలుస్తుంది.

నేడు మన ముందున్న దారులు

ఆస్ట్రేలియాలో బడి వయసు రాని పిల్లలకు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది శిశుసంరక్షణ కేంద్రం. దీనినే లాంగ్ డే కేర్ అంటారు. ఉదయం నుండి సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. 2012 నుండి దేశమంతటికీ ఒకే నాణ్యతా విధానం అమలులో ఉన్నది. దాని ప్రకారం న్యూ సౌత్ వేల్స్‌లో రెండేళ్ళ లోపు పిల్లలు నలుగురికి ఒక ఉపాధ్యాయురాలు ఉండాలి. రెండు నుండి మూడేళ్ళ వారైతే ఐదుగురికి ఒకరు, మూడేళ్ళు దాటితే పదిమందికి ఒకరు. ప్రతి కేంద్రానికీ ప్రభుత్వం నాణ్యతా శ్రేణి ఇస్తుంది. 'స్టార్టింగ్ బ్లాక్స్' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో మీ పేటలోని కేంద్రం శ్రేణి, రుసుము, ఖాళీలు చూసుకోవచ్చు.

రెండవది ఫ్యామిలీ డే కేర్. అనుమతి పొందిన ఒక మహిళ తన ఇంట్లోనే కొద్దిమంది పిల్లలను చూస్తుంది. ఒకేసారి ఏడుగురికి మించకూడదు. అందులో బడి వయసు రానివారు నలుగురికి మించకూడదు. మన భాష మాట్లాడే మహిళ దగ్గరలో ఈ పని చేస్తుంటే అది అదృష్టమే.

మూడవది ఇంటి సహాయకురాలు. బిడ్డ తన ఇంట్లో, తన మంచం మీదనే ఉంటుంది. జలుబు చేసినా, మన డ్యూటీ తెల్లవారుజామున ఉన్నా ఇబ్బంది లేదు.

ప్రభుత్వ రాయితీ, అనగా చైల్డ్ కేర్ సబ్సిడీ, మొదటి రెండింటికే వర్తిస్తుంది. మనంతట మనం పెట్టుకున్న సహాయకురాలికి వర్తించదు. 2016లో ప్రభుత్వం నానీలకు సాయమిచ్చే ప్రయోగం ఒకటి మొదలుపెట్టి 2018లో ముగించింది. ఆ తరువాత వచ్చిన 'ఇన్ హోమ్ కేర్' పథకంలో స్థానాలు పరిమితం. మారుమూల ప్రాంతాలవారికి, వేళకాని వేళ పనిచేసేవారికి, బిడ్డకు లేక ఇంటికి ప్రత్యేకమైన కష్టం ఉన్నవారికి మాత్రమే అది దొరుకుతుంది.

లెక్క వేసి చూద్దాం

2026 జనవరి 5 నుండి నిబంధనలు కొంత మారాయి. రాయితీకి అర్హత ఉన్న ప్రతి కుటుంబానికీ, తల్లిదండ్రులు ఎన్ని గంటలు పనిచేసినా సరే, పక్షానికి 72 గంటల సంరక్షణ మీద రాయితీ లభిస్తుంది. ఇద్దరూ పక్షానికి 48 గంటలకు మించి పనిచేస్తుంటే, లేక చదువుతుంటే, 100 గంటల మీద లభిస్తుంది.

ఈ గంటలు బిడ్డ అక్కడ ఉన్న గంటలు కావు, కేంద్రం బిల్లు వేసిన గంటలు. ఇది చాలమందికి తెలియక నష్టపోతున్నారు. కేంద్రం రోజును 12 గంటలుగా లెక్కిస్తే 72 గంటలకు పక్షంలో ఆరు రోజులే వస్తాయి. 10 గంటల రోజు ఉంటే ఏడు రోజులు వస్తాయి. కనుక చేరేముందు "మీ దగ్గర పది గంటల సెషను ఉన్నదా?" అని అడగండి.

2025-26లో కుటుంబ వార్షికాదాయం 85,279 డాలర్లు మించకపోతే రాయితీ 90 శాతం. ఆపైన ప్రతి 5,000 డాలర్లకు ఒక శాతం చొప్పున తగ్గుతుంది. గంటకు ఇంత అనే గరిష్ఠ పరిమితి కూడా ఉన్నది. రుసుము దానిని మించితే మించిన భాగం మనదే. రాయితీలో 5 శాతాన్ని ఏడాది చివర లెక్క తేలేదాకా ప్రభుత్వం అట్టే పెడుతుంది. బిడ్డ టీకాలు సకాలంలో వేయించకపోతే రాయితీ రాదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక కుటుంబం ఆదాయం 1,25,000 డాలర్లు. వారికి రాయితీ సుమారు 82 శాతం. కేంద్రం పది గంటల రోజుకు 140 డాలర్లు అడిగితే, చివరికి వారి జేబు నుండి పోయేది రోజుకు సుమారు 25 డాలర్లు.

ఇక ఇంటి సహాయకురాలి సంగతి. 2025 జూలై 1 నుండి జాతీయ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు. అవసరమైన గంటలకే పిలిచే కాజువల్ పద్ధతిలో అయితే దాని మీద 25 శాతం కలిపి 31.19 డాలర్లు. ఆరు గంటలు వస్తే ఒక రోజుకు 187 డాలర్ల పైమాట. ఈ వేతనం ఏటా జూలైలో మారుతుంది.

అంటే కేంద్రంలో ఐదు రోజులకు 126 డాలర్లతో పోయేది, మూడు రోజులు కేంద్రం, రెండు రోజులు సహాయకురాలు అనుకుంటే వారానికి దాదాపు 450 డాలర్లవుతుంది. దాచిపెట్టడమెందుకు? డబ్బు ఒక్కటే చూసుకుంటే ఈ పద్ధతి లాభసాటి కాదు.

అయినా మేము ఎందుకు ఎంచుకున్నాం?

మొదట ఇది మా ఎంపిక కాదు. మా లివర్‌పూల్ ప్రాంతంలో మేము అడిగిన కేంద్రంలో సోమ, మంగళ, గురువారాలకే చోటున్నది. బుధ, శుక్రవారాలకు నిరీక్షణ జాబితా. మాలో ఒకరిది ఆసుపత్రి ఉద్యోగం, ఉదయం ఏడింటికే డ్యూటీ. తప్పనిసరై ఆ రెండు రోజులకు మనిషిని వెదికాం.

కొన్ని నెలల తరువాత మిగిలిన రోజులకూ చోటు వచ్చిందని కేంద్రం వారు కబురు చేశారు. అప్పటికి మేము వద్దన్నాం. కారణాలు మూడు.

మొదటిది అలసట. పదహారు నెలల బిడ్డకు పది గంటల పాటు పదిమంది మధ్య ఉండడమంటే మాటలు కాదు. వరుసగా రెండు రోజులు వెళ్ళాక బుధవారం ఇంట్లో ఉంటే, గురువారం నవ్వుతూ వెళ్ళేది.

రెండవది జబ్బులు. కేంద్రంలో చేరిన మొదటి ఏడాది పిల్లలకు జలుబు మీద జలుబు వస్తుంది. ఇది అందరికీ అనుభవమే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే అవి ఆగి కనీసం 24 గంటలు గడిచేదాకా కేంద్రానికి పంపకూడదు. కొన్ని రకాలకు ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ఆ రోజులకు కూడా కేంద్రం రుసుము కట్టాలి. అయితే ఆర్థిక సంవత్సరంలో 42 గైర్హాజరు రోజుల వరకు రాయితీ వస్తూనే ఉంటుంది. బిడ్డకు ముందే అలవాటైన మనిషి ఒకరు ఉంటే, అటువంటి రోజున అరపూట వచ్చి ఆదుకోగలదు.

మూడవది భాష. దీని గురించి తరువాత చెబుతాం.

రెండు చోట్ల రెండు రకాలైతే

మొదటి నెల మాకు చుక్కలు కనిపించాయి. కేంద్రంలో పిల్లలందరినీ భోజనం తరువాత పన్నెండు గంటలకు పడుకోబెడతారు. ఇంట్లో సహాయకురాలు పాప ఆవలించగానే పది గంటలకే చీర ఉయ్యాలలో వేసి ఊపేది. గురువారం కేంద్రంలో పాప పదింటికి ఉయ్యాల కోసం ఏడుపు. శుక్రవారం ఇంట్లో రెండుసార్లు నిద్ర, రాత్రి పన్నెండైనా కళ్ళు మూయదు. కేంద్రం వారు "ఇంట్లో ఏదో తేడాగా ఉంది" అన్నారు. సహాయకురాలు "కేంద్రంలో సరిగా పడుకోబెట్టడం లేదు" అన్నది. మేము ఇద్దరి మాటా నమ్మి, ఒకరి మీద ఒకరికి అనుమానం పెంచాం. తప్పు నిజానికి మాది. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు!

ఒక గురువారం సాయంత్రం ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని కేంద్రానికి వెళ్ళాం. పాప గది ఉపాధ్యాయురాలితో పావుగంట మాట్లాడించాం. నిద్ర వేళ, పడుకునే ముందు పాడే పాట, అన్నం పెట్టే తీరు, కోపం వస్తే ఏం చేయాలి, ఇవన్నీ వాళ్ళిద్దరే తేల్చుకున్నారు. ఆ తరువాత పాపను తీసుకువచ్చేందుకు అధికారమున్న వారి జాబితాలో ఆమె పేరు కూడా రాయించాం. ఇది మరచిపోతే, మీకు రైలు ఆలస్యమైన రోజున కేంద్రం వారు బిడ్డను ఆమె చేతికి ఇవ్వరు. ఇవ్వకూడదు కూడా.

ఆనాటి నుండి పాప సంచిలో ఒక మామూలు నోటుపుస్తకం పెట్టాం. అది ఇంటికీ కేంద్రానికీ మధ్య తిరుగుతుంది. అందులో రాసేవి నాలుగే. ఎప్పుడు, ఎంతసేపు నిద్రపోయింది. ఏం తిన్నది. ఒంట్లో ఎలా ఉన్నది. కొత్తగా ఏ మాట అన్నది. ఇంతకు మించి రాయమంటే ఎవరూ రాయరు. ఏడాది నుండి రెండేళ్ళ పిల్లలకు రోజు మొత్తం మీద 11 నుండి 14 గంటల నిద్ర కావాలని ఆస్ట్రేలియా ఆరోగ్య శాఖ చెబుతున్నది. పగలు ఎంత నిద్రపోయిందో తెలియకపోతే రాత్రి లెక్క కుదరదు. రెండేళ్ళ లోపు వారికి టీవీ, ఫోను తెరలు అసలే వద్దని కూడా ఆ శాఖ మాట. ఈ నియమం ఇంట్లో ఉన్న నాయనమ్మలకూ తాతయ్యలకూ కూడా వర్తిస్తుందని మృదువుగా మనవి చేస్తున్నాం!

ఇంకొక జాగ్రత్త. కొత్త కేంద్రం, కొత్త మనిషి రెండూ ఒకే వారంలో మొదలుపెట్టకండి. మేము ఆ పొరపాటు చేశాం. ముందు ఒకటి మొదలుపెట్టి, బిడ్డ కుదురుకున్నాక రెండవది. కేంద్రంలో చేరే ముందు గంటసేపు, రెండు గంటలు మీరూ కూర్చుని రండి. వదిలి వెళ్ళేటప్పుడు దొంగచాటుగా జారుకోకుండా చెప్పి వెళ్ళండి. ఆ క్షణం ఏడ్చినా, చెప్పినట్టు తిరిగి వస్తారనే నమ్మకం బిడ్డకు కుదురుతుంది.

తాతయ్య అడిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా చెప్పాలి.

మా సహాయకురాలు విజయనగరం వైపు నుండి చదువుకోవడానికి వచ్చిన అమ్మాయి. నెమ్మదస్తురాలు. ఇంట్లో తమ్ముళ్ళను పెంచిన చేయి. మాట్లాడుకునేటప్పుడు గంటకు 18 డాలర్లు చేతికి ఇస్తామన్నాం. కాగితమూ లేదు, కలమూ లేదు. ఆమె సరే అన్నది. "మనవాళ్ళ పిల్లే కదా, మధ్యాహ్నం భోజనం కూడా మన ఇంట్లోనే కదా" అని మాకు మేము సమర్థించుకున్నాం.

పాప తాతయ్యకు ఎనభై ఏళ్ళు దగ్గర పడుతున్నాయి. బా దగ్గర చెరుకు పండించి, 1987 కుట్ర తరువాత ఏడాదికి పిల్లలతో ఇక్కడికి వచ్చినవారు. ఎక్కువ మాట్లాడరు. ఆ రాత్రి అన్నం దగ్గర ఒక్క ప్రశ్న అడిగారు.

"ఆ పిల్లకు కాగితం రాసిచ్చారా?"

లేదన్నాం.

"మా నాయనమ్మ మద్రాసు డిపోలో కాగితం మీద వేలిముద్ర వేసింది. అందులో ఏమున్నదో ఆమెకు ఎవరూ చదివి చెప్పలేదు. అయిదేళ్ళు అనుభవించింది. మీరు చదువుకున్నవాళ్ళు. ఆ పాటి కాగితం కూడా లేకుండా పని చేయించుకుంటారా?"

మేము మాట్లాడలేకపోయాం. 'గిర్మిట్' అనే మాట 'అగ్రిమెంటు' నుండి వచ్చిందని సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నాం! కాని మన ఇంట్లో మనమే యజమానులమైన రోజున ఆ మాట గుర్తుకు రాలేదు. తక్కువ కూలికి ఒప్పుకున్నదంటే ఆమెకు ఇష్టమై కాదు, అవసరమై. మన అవ్వలు ఓడ ఎక్కింది కూడా అందుకే.

మరునాడే కాగితం రాశాం. ఒక పేజీ, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ. ఆమె ముందు చదివి, ఒక ప్రతి ఆమెకు ఇచ్చాం. అప్పటిదాకా తక్కువ ఇచ్చినది లెక్కకట్టి చెల్లించాం. మీరూ రాసుకునేట్లయితే అందులో ఇవి ఉండాలి: ఏ రోజులు, ఏ వేళలు. గంటకు ఎంత, ఏ రోజున ఎలా చెల్లిస్తారు. పని ఏమిటి. బిడ్డ పనే గాని ఇంటిల్లిపాది బట్టలు, అంట్లు కాదని స్పష్టంగా రాయండి. మేము ఆలస్యంగా వస్తే అదనపు గంటలకు లెక్క. రావద్దనాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి.

చట్టం విషయాలు కొన్ని ఇక్కడే చెప్పుకుందాం. న్యూ సౌత్ వేల్స్‌లో జీతానికి పిల్లలను చూసేవారికి 'వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్' ఉండాలి. అది ఐదేళ్ళు చెల్లుతుంది. ఆ నంబరును తల్లిదండ్రులు కంప్యూటరులో సరిచూసుకోవాలి. క్వీన్స్‌లాండ్‌లో దీనినే బ్లూ కార్డు అంటారు. విద్యార్థి వీసా మీద ఉన్నవారు చదువు జరుగుతున్న కాలంలో పక్షానికి 48 గంటలకు మించి పనిచేయకూడదు. దుకాణంలో చేసే గంటలు, మన ఇంట్లో చేసే గంటలు కలిపి లెక్క. ఇంటిపని చేసేవారు వారానికి 30 గంటలు మించి చేస్తే సూపరాన్యుయేషన్ కూడా కట్టాలి. అది 2025 జూలై నుండి 12 శాతం. పన్ను, కార్మిక బీమా విషయాలు ముందే విచారించండి. జీతం గురించి సందేహం వస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ కార్యాలయం నంబరు 13 13 94. ఇంగ్లీషు ఇబ్బందైతే 13 14 50కి ఫోను చేసి తెలుగు దుభాషిని అడగవచ్చు. యజమానికే కాదు, పనిచేసే అమ్మాయికీ ఈ నంబర్లు ఇవ్వండి. మేము ఆమె కాగితం వెనుకవైపు ఈ రెండూ రాసి ఇచ్చాం.

న్యాయమైన జీతం ఇవ్వాలంటే మాకు అంతకుముందు అనుకున్నన్ని గంటలు పెట్టుకోవడం సాధ్యం కాలేదు. ఎనిమిది గంటలు అనుకున్నది ఆరుకు తగ్గించాం. మిగిలిన రెండు గంటలు మా డ్యూటీలు సర్దుకున్నాం. బిడ్డను చూసే మనిషికి సగం జీతం ఇచ్చి పూర్తి ప్రేమ అడగడం ధర్మం కాదు.

నాయనమ్మ స్థానం ఎక్కడ?

ఇంత ఖర్చెందుకు, ఇంట్లో నాయనమ్మ ఉన్నది కదా అనేవారున్నారు. నాయనమ్మ ఉన్నది. కాని ఆమె జీతం లేని సహాయకురాలు కాదు. తన పిల్లలను పెంచింది, చెరుకు పొలంలో పనిచేసింది, ఈ దేశం వచ్చి ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. పరుగెత్తే బిడ్డ వెనుక ఆమెను పరుగెత్తమనడం అన్యాయం. అడిగితే కాదనదు. అందుకే అడిగే ముందు మనమే ఆలోచించాలి.

మా ఇంట్లో ఆమెకు ఒక వేళ కేటాయించాం. బుధ, శుక్రవారాల్లో సహాయకురాలు ఉన్నప్పుడే, పదకొండు గంటల అన్నం వేళ నాయనమ్మది. ఎత్తుకోవడం, స్నానం, పరుగులు ఆ అమ్మాయివి. ముద్దలు కలిపి పెట్టడం, కబుర్లు చెప్పడం నాయనమ్మవి. ఈ ఏర్పాటుతో నాయనమ్మ ముఖంలో వెలుగు వచ్చింది, మోకాళ్ళకు విశ్రాంతీ దొరికింది.

బిడ్డ నోటి మాట

మన ఇళ్ళలో భాష సంగతి అందరికీ తెలిసినదే. తాతలు తెలుగు తెచ్చారు. తోటల్లో, బజారులో ఫిజీ హిందీ మాట్లాడారు. 1941లో ఆంధ్ర సంఘం ఏర్పడి, పాఠశాలలు పెట్టి, తెలుగును నిలబెట్టడానికి పాటుబడింది. ఇక్కడికి వచ్చాక ఇంగ్లీషు. మూడు తరాల మధ్య తెలుగు సన్నని దారమై మిగిలింది.

కేంద్రంలో ఒకనాడు పాప చాలసేపు ఏడ్చిందట. ఏమని అడిగితే "నీయి, నీయి" అన్నదట. ఎవరికీ అర్థం కాలేదు. బిడ్డ అడిగింది నీళ్ళు! ఆ సాయంత్రం మేము ఒక అట్టముక్క మీద పది మాటలు ఇంగ్లీషు అక్షరాలలో రాసి ఇచ్చాం. నీళ్ళు, పాలు, ఆకలి, చాలు, నొప్పి, నిద్ర, అమ్మ, నాన్న, నాయనమ్మ, వద్దు. కేంద్రం వారు సంతోషంగా గోడకు అంటించారు. తరువాత ఆ గదిలోని తక్కిన పిల్లలు కూడా 'చాలు' అనడం నేర్చారని ఉపాధ్యాయురాలు నవ్వుతూ చెప్పింది. మీరూ ఈ పని తప్పక చేయండి. ఖర్చు లేదు.

ఇంట్లో ఇంకొక వింత జరిగింది. నాయనమ్మ పాపను "కూడు తిన్నావా?" అని అడుగుతుంది. ఆ మాట మోటుదని, పట్నంవారు నవ్వుతారని మేమే ఒకప్పుడు ఆమెను వారించాం. మొదటి బుధవారం ఆ మాట విని విజయనగరం అమ్మాయి ఆగిపోయింది. "మా అమ్మమ్మ కూడా ఇట్లాగే అడుగుతుందండీ" అన్నది. నూరేళ్ళ క్రితం ఓడలో వెళ్ళిన మాట ఒకటి, మొన్న విమానంలో వచ్చిన మాట ఒకటి, మా వంటింట్లో కలుసుకున్నాయి. ఇప్పుడు ఆ రెండు రోజులూ మా ఇంట్లో తెలుగే నడుస్తుంది. పాపతో పాటు మేము కూడా నేర్చుకుంటున్నాం.

చివరి మాట

కేంద్రంలో బిడ్డ నలుగురితో పంచుకోవడం, వరుసలో నిలబడడం, తన పని తాను చేసుకోవడం నేర్చుకుంటుంది. ఇంట్లో తన భాష, తన తిండి, తన పెద్దలు దొరుకుతారు. రెండూ కావాలనుకునేవారికి ఈ పద్ధతి మంచిదే. శక్తి లేనివారు కేంద్రం ఒక్కటే పెట్టుకున్నా బిడ్డకు లోటేమీ లేదు. వారాంతాన నాయనమ్మ ముద్ద ఉంటే చాలు. ఏ దారి పట్టినా బిడ్డను చూసేవారందరూ ఒకరినొకరు ఎరిగి ఉండాలి. ఆ బాధ్యత తల్లిదండ్రులది.

ఇంటికి వచ్చే మనిషికి మాత్రం కాగితం రాసి ఇవ్వండి. చదివి వినిపించండి. రాసినంత చెల్లించండి. మన అవ్వ వేలిముద్ర వేసిన కాగితం మనకు ఒక పాఠం నేర్పింది. ఆ పాఠాన్ని జయంతి సభల్లో తలచుకుంటే సరిపోదు. మన గడపలో, మన బిడ్డను ఎత్తుకున్న అమ్మాయి విషయంలో పాటించినప్పుడే ఆమె రుణం కొంతైనా తీరుతుంది.

మా కాగితం మీద ఆ అమ్మాయి సంతకం పెడుతుంటే తాతయ్య కళ్ళజోడు పెట్టుకుని దగ్గర కూర్చున్నారు. అంతా అయ్యాక కాగితం అందుకుని, మొదటి నుండి చివరిదాకా చదివి, ఏమీ అనకుండా ఆమె చేతికి ఇచ్చారు.